వ్యాపార వీసాయా? ఉద్యోగ వీసాయా?

విశాఖపట్నము, భీమునిపట్నము, కాకినాడ రేవులనుండి పొగయోడలమీద రంగూనుకు పోయిన తెలుగువారి కథలు మన ప్రాంతపు కుటుంబములలో నేటికిని వినవచ్చుచుండును. ధాన్యపు మిల్లులలోను, రేవులలోను పనిచేయుటకు పోయిన ఆ శ్రమజీవులను బర్మాలో కోరంగివారని పిలిచెడివారు. టిక్కెట్టునకు సొమ్మున్నచో వారికి ప్రయాణము సాగెడిది. వీసా అను మాటతో వారికి పనిలేదు. కారణమేమన, 1937 ఏప్రిలు 1వ తేదీ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగము. వారు సముద్రమును దాటిరేగాని రాజ్యమును దాటలేదు. బర్మా వేరైన పిమ్మట, భారతీయుల రాకను నియంత్రించు ఒడంబడిక 1941లో కుదిరినది. ఆనాటి బర్మాయే గాని, ఈనాటి అమెరికాయే గాని, రాజ్యపు సరిహద్దుకడ వచ్చినవానిని అడుగు ప్రశ్న ఒక్కటే: "నీవు మా దేశమునకు ఏ పనిమీద వచ్చుచున్నావు?"

ఆ ప్రశ్నకు మనము ముందుగా వ్రాసియిచ్చు సమాధానమే వీసా. సమాధానమొకటి, చేయు పని వేరొకటి అయినచో చిక్కులు తప్పవు.

నేడు నర్సీపట్నము, నాతవరము, మాకవరపాలెము ప్రాంతములనుండి విదేశోద్యోగమును కోరువారిలో ఇంజనీరులు, నర్సులు, లెక్కలు చూచువారు, కంప్యూటరు పనివారు ఉన్నారు. వీరి చదువులకై తాండవ కాలువక్రింది మాగాణియో, మెట్టమీది జీడిమామిడి తోటయో తాకట్టు పెట్టిన తల్లిదండ్రులు కలరు. చదువు ముగిసి, ఉద్యోగమునకై ఎదురుచూచుచున్న సమయమున ఏజెంటు వచ్చి, "ఉద్యోగ వీసా అంటే ఆలస్యం బాబూ. ముందు బిజినెస్ వీసా మీద పంపించేస్తాం. అక్కడ దిగాక అన్నీ సర్దుకోవచ్చు" అని చెప్పును. మాట వినుటకు ఇంపుగానే యుండును. దానిని నమ్ముటకు ముందు ఏ వీసా ఏ పనికి ఏర్పడినదో ఇంటిల్లిపాదియు తెలిసికొనుట అవసరము.

మొదట రెండు పత్రముల భేదమును గ్రహింపవలెను. పాస్‌పోర్టును మన ప్రభుత్వము ఇచ్చును. మనవారికి విశాఖపట్నములోనే ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయము కలదు. వీసాను మనము పోదలచిన దేశము ఇచ్చును. అమెరికా వీసాకై మన రాష్ట్రమువారు సాధారణముగా హైదరాబాదులోని కాన్సులేటుకు పోవుదురు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ప్రారంభమైన ఈ కార్యాలయము 2023లో నానక్‌రామ్‌గూడలోని నూతన భవనమునకు మారినది.

వీసా దొరికినంతమాత్రమున ఆ దేశములో ఇష్టమువచ్చినంతకాలము ఉండవచ్చునని పలువురు తలంతురు. "నర్సీపట్నం రోడ్డు" స్టేషనుకు టిక్కెట్టు కొనినవాడు రైలు దిగగానే నర్సీపట్నములో ఉండడు గదా! అడ్డరోడ్డుమీదుగా మరల బస్సు ప్రయాణము చేయవలసియే యున్నది. వీసాయు అట్టిదే. అది మనలను ఆ దేశపు వాకిటివరకు చేర్చును. లోనికి రానిచ్చుటయు, ఎంతకాలము ఉండనిచ్చుటయు వాకిటనున్న అధికారి నిర్ణయించును. అమెరికా వ్యాపార వీసా మనవారికి పది సంవత్సరముల గడువుతో లభింపవచ్చును. కాని ఒక్కొక్క ప్రయాణములో ఉండుటకు సాధారణముగా ఆరు నెలలకు మించి అనుమతి దొరకదు. ఐ-94 అను ప్రవేశపత్రములో నమోదైన తేదీయే అసలైన గడువు. పాస్‌పోర్టులోని వీసా గడువును చూచుకొని ధైర్యముగా కూర్చుండినవాడు తనకు తెలియకయే చట్టమును అతిక్రమించును.

ఇక వ్యాపార వీసా సంగతి. అమెరికావారు దీనిని బి-1 అందురు. పేరులో వ్యాపారమున్నంతమాత్రమున అక్కడ దుకాణము నడుపుకొనవచ్చునని అర్థము కాదు. సాటి వ్యాపారులతో సంప్రదింపులు జరుపుట, ఒప్పందములను గూర్చి మాటలాడుట, వృత్తి సంబంధమైన సభలకు పోవుట, ఇట్టి స్వల్పకాలిక కార్యములకే అది ఏర్పడినది. పోయినవాని ఉద్యోగము స్వదేశములోనే యుండవలెను. జీతము స్వదేశమునుండియే రావలెను. పని ముగియగానే అతడు తిరిగి రావలెను. స్వదేశమునకు తిరిగివచ్చునట్టి బంధములు తనకు కలవని రుజువు చేయు భారమును చట్టము దరఖాస్తుదారునిమీదనే మోపినది. ఇల్లు, కుటుంబము, ఉద్యోగము మొదలగువానిని గూర్చి కాన్సులేటులో ప్రశ్నించుటకు కారణమిదియే.

ఒక ఉదాహరణము చెప్పుకొందము. విశాఖలోని ఒక కర్మాగారము తాను తయారుచేసిన యంత్రమును అమెరికాలోని కంపెనీకి అమ్మినదనుకొందము. యంత్రమును బిగించి నడిపించి చూపు బాధ్యత అమ్మకపు ఒప్పందములోనే వ్రాయబడియున్నచో, ఆ యంత్రము విషయమై ప్రత్యేకజ్ఞానము గల ఇంజనీరు, జీతము ఇచటనే పుచ్చుకొనుచు, బి-1 వీసామీద పోయి రావచ్చును. అదే ఇంజనీరు, యంత్రమును బిగించిన తరువాత, "మూడు నెలలు మా కర్మాగారములోనే పనిచూడుము" అని అచటి కంపెనీ కోరగా ఉండిపోయినచో, అతడు వ్యాపారార్థము వచ్చిన అతిథి కాజాలడు. మనిషి అతడే, చదువు అదే, పనిముట్లు అవే. చేయు పని స్వభావము మారినందున వీసాయు మారవలసియున్నది.

ఉద్యోగ వీసాలలో మన తెలుగు ఇండ్లలో ఎక్కువగా వినబడునది హెచ్-1బి. అమెరికాలో 1990 నాటి వలస చట్టము దీనికి ప్రస్తుత రూపమునిచ్చినది. ఇది ప్రత్యేకవిద్య అవసరమైన వృత్తులకు ఏర్పడినది. ఆ వృత్తికి సంబంధించిన పట్టమైనను, దానికి సమానమైన అర్హతయైనను ఉండవలెను. ఇందలి ముఖ్యవిషయమేమన, ఈ వీసాకై మొదటి అడుగు ఉద్యోగి వేయుటకు వీలులేదు. ఉద్యోగమిచ్చు యజమానియే ముందుగా అమెరికా కార్మికశాఖకు జీతమును గూర్చి హామీయిచ్చి, తరువాత వలసశాఖకు అర్జీ పెట్టవలెను. ఆ ప్రాంతములో ఆ పనికి వాడుకలోనున్న జీతము, తన సంస్థలో అట్టివారికి ఇచ్చుచున్న జీతము, ఈ రెంటిలో ఏది ఎక్కువయో దానిని ఇచ్చెదనని అతడు ఒప్పుకొనవలెను. కనుక యజమాని పేరు చెప్పకుండ "హెచ్-1బి ఇప్పించెదను" అను ఏజెంటు మాట పెండ్లికుమారుడు లేకుండ ముహూర్తము పెట్టినట్లుండును.

ఏటేటా 65,000 మందికిని, అమెరికా విశ్వవిద్యాలయములలో పై పట్టములు పొందినవారికి అదనముగా 20,000 మందికిని ఈ వీసాలు పరిమితములు. సాధారణముగా మార్చి నెలలో యజమానులు పేర్లను నమోదు చేయుదురు. ఎన్నికైనవారు అక్టోబరు 1వ తేదీనుండి పనిలో చేరవచ్చును. నమోదులు పరిమితిని మించినపుడు చాలకాలము చీట్లు తీసినట్లు ఎంపిక జరిగినది. ఎక్కువ జీతపు ఉద్యోగములకు ఎక్కువ అవకాశమునిచ్చు నియమము 2025 చివర ప్రకటింపబడినది. అదే సంవత్సరము సెప్టెంబరులో, విదేశములలో ఉన్నవారికై పెట్టు క్రొత్త అర్జీలపై లక్ష డాలర్ల రుసుమును విధించుచు అధ్యక్షుని ప్రకటన వెలువడగా, అది న్యాయస్థానములకెక్కినది. ఇట్టి నియమములు తరచు మారుచుండును గనుక, అర్జీ పెట్టునాటి నియమమును ఆ ప్రభుత్వపు అధికార ప్రకటనలలోనే చూచుకొనవలెను. పొరుగువాని కుమారుడు ఐదేండ్లక్రిందట పోయిన తీరు నేడు ప్రమాణము కాదు.

హెచ్-1బి మొదట మూడు సంవత్సరములవరకు, పొడిగింపుతో సాధారణముగా ఆరు సంవత్సరములవరకు చెల్లును. అర్జీ పెట్టుటకు అగు రుసుములను, ప్లీడరు ఖర్చులను యజమానియే భరింపవలెను. వానిని ఉద్యోగి జీతమునుండి కోయరాదు. గడువునకు ముందే యజమాని ఉద్యోగము తీసివేసినచో, ఉద్యోగి స్వదేశమునకు తిరిగివచ్చుటకు న్యాయమైన ప్రయాణవ్యయమును అతడే ఇయ్యవలెను. ఉద్యోగము పోయిన పిమ్మట, అనుమతి గడువు మిగిలియున్నంతలో, 60 దినములవరకు మరియొక యజమానిని వెదకుకొను వ్యవధి 2017నుండి కలదు. ఇవి చట్టము ఉద్యోగికిచ్చిన రక్షణలు. వ్యాపార వీసామీద పోయి రహస్యముగా పనిచేయువానికి వీనిలో ఏ ఒక్కటియు వర్తింపదు. జీతము ఎగవేసినను అతడు నోరెత్తుటకు జంకును. యజమానికి లోబడి బ్రదుకవలసిన దుస్థితి అచటనే ఆరంభమగును.

మూడవ మార్గము ఎల్-1. ఒకే సంస్థకు మనదేశములోను, అమెరికాలోను శాఖలున్నపుడు, ఇచటి ఉద్యోగిని అచటి శాఖకు బదిలీచేయుటకు ఇది ఉపయోగించును. అంతకుముందు మూడేండ్లలో కనీసము ఒక సంవత్సరమైనను ఆ సంస్థలో విదేశమందు ఎడతెగక పనిచేసియుండవలెను. నిర్వాహకులకు ఏడేండ్లు, సంస్థకు చెందిన ప్రత్యేకజ్ఞానము గలవారికి ఐదేండ్లు గరిష్ఠ పరిమితి. వివాహితులు మరియొక భేదమును గమనింపవలెను. హెచ్-1బి ఉద్యోగి భార్యకు లేక భర్తకు హెచ్-4 వీసా లభించును. దానితోపాటు ఉద్యోగానుమతి దానంతటది రాదు, 2015నుండి కొన్ని షరతులకు లోబడినవారికి మాత్రమే ఇచ్చుచున్నారు. ఎల్-1 ఉద్యోగి జీవితభాగస్వామికి ఆ హోదాతోడనే ఉద్యోగార్హత కలదని 2021లో అమెరికా ప్రభుత్వము స్పష్టపరచినది. భార్యాభర్తలిరువురు చదివినవారైనపుడు ఈ ఒక్క భేదము సంసారపు ఆదాయవ్యయములనే మార్చివేయును.

ఇన్ని పేర్లు గుర్తుంచుకొనుట కష్టమని తోచినచో, మూడు ప్రశ్నలు గుర్తుంచుకొనిన చాలును. జీతము ఏ దేశమునుండి వచ్చును? పని ఫలము ఎవరికి చెందును? ప్రతిదినము పని చెప్పువాడు ఎవడు? మూడింటికిని "మన దేశములోని నా సంస్థ" అనునదే సమాధానమై, ప్రయాణము కొలదికాలపుదైనచో వ్యాపార వీసాను ఆలోచింపవచ్చును. వీనిలో ఏ ఒక్కదానికైనను "అచటి కంపెనీ" అను సమాధానము వచ్చినచో ఆగి, ఉద్యోగ వీసాను గూర్చి విచారింపవలెను. జీతము ఇచటి బ్యాంకులో పడుచున్నది గదా యని కొందరు సమాధానపడుదురు. అది ఒక్కటే చాలదు. అచటి ఉద్యోగి చేయవలసిన నిత్యకృత్యమును తాను చేయుచున్నచో, జీతము ఎచటపడినను అది ఉద్యోగమే.

పెద్ద సంస్థలకును ఈ వివేచన తప్పలేదు. బి-1 వీసాల వినియోగమును గూర్చి అమెరికా ప్రభుత్వము చేసిన ఆరోపణలపై, 2013 అక్టోబరులో ఇన్ఫోసిస్ సంస్థ 3 కోట్ల 40 లక్షల డాలర్లు చెల్లించి వ్యవహారమును పరిష్కరించుకొన్నది. వీసాలను దుర్వినియోగము చేసితిమన్న ఆరోపణను ఆ సంస్థ అంగీకరింపలేదు. వివాదము ఎట్లు ముగిసినను, వ్యాపారమునకును ఉద్యోగమునకును నడుమనున్న గీతను ప్రభుత్వములు ఎంత నిశితముగా చూచునో ఈ సంఘటన తెలుపుచున్నది. న్యాయవాదులను పెట్టుకొనగల సంస్థకే ఇంత భారమైనపుడు, తోట తాకట్టుపెట్టి వచ్చిన కుర్రవాని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

"అక్కడ దిగాక సర్దుకోవచ్చు" అను మాటలో కొంత నిజములేకపోలేదు. ఒక హోదానుండి మరియొక హోదాకు మారుటకు అమెరికా చట్టములో అవకాశము కలదు. కాని మార్పు మంజూరై అమలులోనికి వచ్చువరకు పనిచేయరాదు. హెచ్-1బికి మార్చిలో నమోదు, అక్టోబరులో ఉద్యోగము గనుక, మధ్యకాలమున తినుటకు, ఉండుటకు సొమ్మెక్కడిది? పైగా, మొదటినుండియు ఉద్యోగముననే చేరదలచి, కాన్సులేటులో వేరుగా చెప్పినట్లు తేలినచో, మోసముచేసి వీసా పొందినాడన్న కారణముతో జీవితాంతము ప్రవేశ నిషేధము వర్తింపవచ్చును. అనుమతిలేకుండ 180 దినములు దాటి ఉండి వెడలిపోయినవానికి మూడేండ్లు, సంవత్సరమో అంతకుమించియో ఉండినవానికి పదేండ్లు తిరిగి ప్రవేశము లేదని 1996 నాటి చట్టము విధించినది. ఏజెంటు చెప్పిన ఆ ఒక్క మాటకు యౌవనములోని పదేండ్లు మూల్యమగును.

గల్ఫు దేశములలోను సూత్రమిదియే, పేర్లు మాత్రము వేరు. కువైట్‌లో ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 18వ నెంబరు వీసా, ఇంటి పనివారికి 20వ నెంబరు వీసా. దీనినే మనవారు ఖాదిం వీసా అందురు. డ్రైవరో, ఎలక్ట్రీషియనో కంపెనీలో పనియని నమ్మి, ఇంటిపని వీసామీద దిగినచో, కంపెనీలో చేయు పని చట్టవిరుద్ధమగును. "ఆజాద్ వీసా" అను మాట మరియు మోసకరమైనది. పేరునకు ఒక కఫీలు ఉండును. అతడు పని ఇయ్యడు. వచ్చినవాడు తన పని తానే వెదకుకొనవలెను. స్వేచ్ఛ అని పేరుపెట్టినను, పట్టుబడిననాడు శిక్షయు, దేశబహిష్కారమును పొందువాడు పనివాడే.

మన ప్రభుత్వమును కొన్ని కట్టుబాట్లు చేసినది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము, పదవ తరగతి పూర్తికానివారు మొదలైన కొన్ని వర్గములవారు గల్ఫు మొదలగు 18 దేశములకు ఉద్యోగార్థము పోవుటకు ముందు అనుమతి పొందవలెను. పట్టభద్రులకు సాధారణముగా ఇది అక్కరలేదు. నర్సులకు మాత్రము, చదువుతో నిమిత్తము లేకుండ, 2015లో ఈ అనుమతిని తప్పనిసరి చేసిరి. అనుమతి పొందిన ఏజెంట్ల పేర్లు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టికలో ఉండును. అట్టి ఏజెంటు పుచ్చుకొనదగిన ప్రతిఫలమునకు 30,000 రూపాయలు, దానిపై పన్ను, గరిష్ఠ పరిమితి. మూడు లక్షలు, ఐదు లక్షలు అడుగువానిని, "నీ పేరు ఆ పట్టికలో ఉన్నదా? రసీదు ఇత్తువా?" అని ప్రశ్నించుటకు సంకోచింపనక్కరలేదు.

ఈ నియమములన్నియు మనవారిని ఆపుటకే పుట్టినవని అనుకొనరాదు. మన ఇంటికి వచ్చువారిని మనమును ఇట్లే ప్రశ్నింతుము. మన అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురములో శ్రీలంక సంస్థయైన బ్రాండిక్స్ నెలకొల్పిన వస్త్రనగరము కలదు. అట్టి సంస్థలకు సంప్రదింపులకై వచ్చిపోవు విదేశీయునికి మన ప్రభుత్వము వ్యాపార వీసా ఇచ్చును. ఇచటనే ఉండి ఉద్యోగము చేయు నిపుణునికి ఉద్యోగ వీసా కావలెను. అర్హులైన భారతీయులు పలువురు లభించు పనులకు ఆ వీసా ఇయ్యరు. 180 దినములకు మించిన ఉద్యోగ వీసామీద వచ్చినవారు సాధారణముగా వచ్చిన 14 దినములలో పేరు నమోదు చేయించుకొనవలెను. మన పిల్లల ఉద్యోగములు మన పిల్లలకు దక్కవలెనని మనము కోరినట్లే ఇతరులును కోరుదురు. ఆ కోరికకును, నిపుణుని అవసరమునకును నడుమ కుదిరిన ఒప్పందమే ఉద్యోగ వీసా.

కావున సొమ్ము చేతులు మారకముందే ఇంటిలో అందరును కూర్చుండి నాలుగు కాగితములు చూడవలెను. మొదటిది, యజమాని పేరు, చిరునామా, జీతము, పని వివరముగానున్న నియామకపత్రము. రెండవది, ఆ పనికి తగిన పేరుగల వీసా. మూడవది, ఏజెంటు ఉన్నచో అతని లైసెన్సు. నాలుగవది, చెల్లించిన ప్రతి రూపాయికిని రసీదు. నియామకపత్రములోని పనియు, వీసామీది పేరును ఒకదానితోనొకటి సరిపోలనిచో ప్రయాణమును ఆపుటయే మేలు. వీసా ఇంటర్వ్యూలో ఏమి చెప్పవలెనో ఎవరైనను బట్టీపట్టించుచున్నచో, చెప్పవలసినది నిజము కాదనియే దాని అర్థము. నిజమునకు బట్టీ అక్కరలేదు.

ఒక సంవత్సరము ఆలస్యమైనచో తాకట్టుమీది వడ్డీ పెరుగును, నిజమే. ఇరుగుపొరుగువారు "ఇంకా వెళ్లలేదా?" అని అడుగుదురు, అదియు నిజమే. కాని తగిన వీసామీద పోయినవాడు పండుగకు ఇంటికి వచ్చి, సెలవు తీరగానే నిశ్చింతగా తిరిగిపోవును. తగని వీసామీద పోయినవాడు, తల్లికి జబ్బు చేసినదని కబురు వచ్చినను, వచ్చినచో మరల పోనిత్తురో లేదో యని అచటనే ఉండిపోవును. మన బిడ్డ ఈ ఇద్దరిలో ఎవరు కావలెనో నిర్ణయించుకొను వ్యవధి విమానము ఎక్కుటకు ముందే మన చేతిలో నున్నది.